చీలమండ మీద కత్తి: హింసను దేనితో కొలవాలి?

చీలమండ బయటి అంచున మూడు లిగమెంట్లు ఉంటాయి. పాదం లోపలికి మడతపడి బెణికినప్పుడు ముందుగా దెబ్బతినేది వాటిలో ముందువైపున్నది, ఫిబ్యులా కొసను టాలస్ ఎముకతో కలిపి పట్టి ఉంచేది. దెబ్బ గట్టిదైతే మడమ ఎముక దాకా దిగే రెండోది కూడా తెగుతుంది. చాలా బెణుకులు పట్టీతో, విశ్రాంతితో, తరవాత చేసే వ్యాయామంతో సర్దుకుంటాయి. కొందరికి సర్దుకోవు. మెట్లు దిగుతున్నప్పుడో, పొలం గట్టు మీద నడుస్తున్నప్పుడో పాదం ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోతుంది. నెలల తరబడి శ్రద్ధగా వ్యాయామం చేసినా ఇదే పరిస్థితి కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక అస్థిరత అంటారు. శస్త్రచికిత్స మాట అప్పుడు వస్తుంది.

తెగి సాగిపోయిన లిగమెంటును దాని చోటనే బిగించి కుట్టే పద్ధతిని స్వీడన్ సర్జన్ లెన్నార్ట్ బ్రోస్ట్రోమ్ 1966లో ప్రచురించాడు. పక్కనే ఉన్న దళసరి పొరను కూడా లాగి పైన కుడితే మరింత బలం వస్తుందని 1980లో నథానియెల్ గూల్డ్ చూపించాడు. ఇద్దరి పేర్లతో పిలిచే ఆ పద్ధతే నేటికీ ప్రమాణం. ఆ పని చేయడానికి చర్మాన్ని కొన్ని సెంటీమీటర్ల మేర కోసి తెరవాల్సి వచ్చేది. గొట్టం దూర్చి కీలు లోపలికి చూడాలన్న ఆలోచన పాతదే గానీ, 1931లో మైకేల్ బర్మన్ శవాల మీద ప్రయత్నించి, చీలమండ అందుకు మరీ ఇరుకని తేల్చాడు. సన్నని ఫైబర్ ఆప్టిక్ గొట్టాలు వచ్చాక 1970ల తొలినాళ్లలో జపాన్‌లో మసాకి వతనబె అది సాధ్యమేనని నిరూపించాడు. ఇప్పుడు రెండు మూడు చిన్న రంధ్రాల్లోంచి ఆర్థ్రోస్కోప్‌నీ పనిముట్లనీ పంపి, ఎముకలో చిన్న యాంకర్ దిగ్గొట్టి, దాని దారంతో లిగమెంటును బిగించి ముడి వేస్తున్నారు. దీన్నే కీహోల్ సర్జరీ అంటున్నారు.

కోత చిన్నదైంది కాబట్టి శరీరానికి జరిగే హింస కూడా తగ్గిందని వినగానే అనిపిస్తుంది. నొప్పి తగ్గుతుంది, మచ్చ చిన్నది, మొదటి వారాల్లో కోలుకోవడం తేలిక. ఇవి రోగి అనుభవించే నిజమైన మేళ్లు. అయితే ఆ మాట వెనక ఒక పాత ప్రశ్న దాగి ఉంది. మరొకరి శరీరాన్ని గాయపరచడం హింస అయితే, బాగు చేయడానికి పెట్టే గాయం ఏమవుతుంది? అది హింసే అయినా క్షమించదగినదా, అసలు హింసే కాదా? హింస అని ఒప్పుకుంటే దాన్ని దేనితో కొలవాలి? సెంటీమీటర్లతోనా, కారిన నెత్తురుతోనా, కోసినవాడి మనసుతోనా, రోగి చివరికి పోగొట్టుకున్నదానితోనా? ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఈ ప్రశ్న అడగడానికి వ్యవధి ఉండదు. చీలమండ అస్థిరత ఎవరి ప్రాణమూ తీయదు. కత్తి పట్టాలా వద్దా అని తీరిగ్గా ఆలోచించే వీలుంది కాబట్టి ప్రశ్న ఇక్కడ తేటగా కనిపిస్తుంది.

భారతీయ దర్శనాల్లో ఈ ప్రశ్నకు బౌద్ధం ఇచ్చే జవాబు సూటిగా ఉంటుంది. చేతన, అంటే సంకల్పం, అదే కర్మ అని అంగుత్తర నికాయం చెబుతుంది. దొంగ కత్తి, వైద్యుడి కత్తి ఒకే లోతున దిగినా సంకల్పాలు వేరు కాబట్టి కర్మలు వేరు. మిలిందపన్హలో నాగసేనుడు వైద్యుణ్ణి ఉదాహరణగా తెచ్చేదీ ఇందుకే: పుండును కోసేవాడు, కాల్చేవాడు, మంటపుట్టే మందు రాసేవాడు నొప్పి కలిగిస్తాడు, అయినా అతను చేసేది మేలే. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. కానీ మంచి మనసుతో వచ్చి పని సరిగా నేర్చుకోకుండా కోసినవాడి మాటేమిటి? అతని సంకల్పం నిర్మలమైనదే. రోగి నరం మాత్రం తెగింది. సంకల్పం ఒక్కటే కొలబద్ద అయితే అతణ్ణి నిలదీయడానికి చోటు దొరకదు.

ఆ చోటును జైనం చూపిస్తుంది. ఈ విషయంలో జైనుల ఆలోచన మిగతావాటికంటే సూక్ష్మమైనది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఏడో అధ్యాయంలో హింసను నిర్వచిస్తూ, ప్రాణాలకు కలిగే హానిని దాని వెనకున్న ప్రమాదంతో ముడిపెట్టాడు. ప్రమాదం అంటే అక్కడ ఏమరుపాటు, మనసును రాగద్వేషాలకు వదిలేసి మెలకువ లేకుండా మెలగడం. పదో శతాబ్దపు దిగంబర ఆచార్యుడు అమృతచంద్రుడు పురుషార్థసిద్ధ్యుపాయంలో ఈ తర్కాన్ని చివరి అంచు దాకా నడిపించాడు. పూర్తి మెలకువతో, రాగాదులు లేకుండా మెలిగేవాడి వల్ల అనుకోకుండా ప్రాణహాని జరిగినా అది హింస కాదు. ఏమరుపాటుతో మెలిగేవాడి వల్ల ఏ జీవీ చావకపోయినా హింస జరిగినట్టే. ఒకడు హింస చేయకుండానే హింసాఫలం పొందుతాడు, మరొకడు హింస చేసి కూడా ఆ ఫలానికి గురి కాడు.

దీన్ని ఆపరేషన్ థియేటర్‌లోకి తెచ్చి చూస్తే ఎంత కఠినమైన నియమమో తెలుస్తుంది. చట్టం సాధారణంగా హాని జరిగాకే మేలుకుంటుంది. రోగి బాగా నడుస్తుంటే సర్జన్ తొందరపడ్డాడా, స్కాన్ సరిగా చూశాడా అని ఎవరూ అడగరు. అమృతచంద్రుడి లెక్కలో, నిర్లక్ష్యంగా చేసి అదృష్టం కొద్దీ గట్టెక్కిన ఆపరేషన్ కూడా హింసే. రాగాదులు అన్న మాటలో మానం, లోభం కూడా ఉన్నాయి. కొత్త పద్ధతి చేయగలనని చూపించుకోవాలన్న గర్వం, అవసరం అంతంతమాత్రంగా ఉన్న రోగిని బల్ల ఎక్కించే ధనాశ ఆ పట్టికలో ఎప్పటినుంచో ఉన్నాయి. రంధ్రం ఎంత చిన్నదైనా అవి ఆ గాయాన్ని హింసగా మారుస్తాయి.

జైనంలో ఇంకో ధోరణి కూడా ఉంది. ఉత్తరాధ్యయన సూత్రం రెండో అధ్యాయం సాధువు ఓర్చుకోవలసిన 22 పరీషహాల్లో రోగాన్ని చేర్చి, చికిత్స కోరకుండా భరించమంటుంది. సన్యాసి తన దేహం విషయంలో తానే పెట్టుకున్న నియమం అది. గృహస్థుడి మీద, అందులోనూ మరొకరి దేహం మీద దాన్ని రుద్దడానికి ఆధారం లేదు. తన నొప్పిని తాను ఓర్చుకోవడం తపస్సు అవుతుంది. ఎదుటివాడి నొప్పిని అతని తరఫున ఓర్చుకునే హక్కు ఎవరికీ లేదు.

ఏమరుపాటు లేకుండా ఉండటమంటే చీలమండ దగ్గర ఏమిటో ఒక చిన్న విషయం చెబుతుంది. పాదం పైభాగానికి స్పర్శనిచ్చే ఉపరితల పెరోనియల్ నరం కొమ్మలు చీలమండ ముందుభాగంలో చర్మం కిందనే పరుచుకుని ఉంటాయి. వాటి దారి మనిషి మనిషికీ మారుతుంది. ఆర్థ్రోస్కోప్ కోసం బయటివైపు పెట్టే రంధ్రం ఆ దారికి చాలా దగ్గర. కోత పెద్దదైతే నరం కంటికి కనిపిస్తుంది, పక్కకు జరిపి పని చేయవచ్చు. చిన్న రంధ్రంలో అది కనిపించదు. గుడ్డిగా దిగిన పనిముట్టో, చర్మం అడుగున లాగి బిగించిన దారమో దాన్ని పట్టేస్తే పాదం పైన మొద్దుబారడం, మంట, ఒక్కోసారి ఏళ్ల తరబడి బాధ. అందుకే జాగ్రత్తగల సర్జన్లు కోతకు ముందే పాదాన్ని కిందికీ లోపలికీ వంచి, నాలుగో వేలిని మడిచి చూస్తారు. చాలామందిలో ఆ భంగిమలో నరం చర్మం కింద సన్నని గీతలా తేలుతుంది. పెన్నుతో దాని మీద గుర్తు పెట్టుకుంటారు. ఒక నిమిషం పని. ఆ నిమిషం వెచ్చించిన సర్జన్‌కూ, వెచ్చించని సర్జన్‌కూ మధ్య తేడాను మచ్చ పొడవు చెప్పదు, చాలాసార్లు ఫలితం కూడా చెప్పదు. ఉమాస్వాతి నిర్వచనం చెబుతుంది.

కత్తిని అదుపు చేయలేని చోట కత్తి పెట్టకూడదన్న నియమం బౌద్ధ వినయ పిటకంలో ఉంది. మహావగ్గంలోని భేషజ్జ ఖంధకంలో కురుపులకు శస్త్రకర్మను బుద్ధుడు అనుమతించాడు. కానీ ఆకాశగోత్తుడనే వైద్యుడు ఒక భిక్షువుకు భగందరాన్ని కోస్తుండగా చూసి, గుహ్యస్థానానికి రెండు అంగుళాల మేర శస్త్రం వాడరాదని నిషేధించాడు. చెప్పిన కారణాలు గమనించదగినవి: అక్కడ చర్మం సున్నితం, పుండు మానడం కష్టం, కత్తిని నడపడం కష్టం. పవిత్రత, అపవిత్రతల ఊసు ఆ కారణాల్లో లేదు. చేయగల నేర్పు ఎక్కడ ఆగిపోతుందో అనుమతీ అక్కడే ఆగుతుంది. నేర్పు పెరిగితే హద్దు జరుగుతుందా అన్నది వినయం అడగని ప్రశ్న. చీలమండ ఇరుకని బర్మన్ చెప్పిన మాటను వతనబె పనిముట్లు మార్చేశాయి కాబట్టి, కారణాలు తొలగిన చోట నిషేధం కూడా సడలుతుందని వాదించే వీలుంది. సర్జన్లందరికీ ఆ నేర్పు ఒకే రోజున రాదన్నదే అందులోని మెలిక.

ఇక కొలత విషయానికి వస్తే సుశ్రుతుడి దగ్గర ఆగి తీరాలి. సుశ్రుత సంహిత చీలమండను ఊరికే వదల్లేదు. శరీరంలోని 107 మర్మాల్లో గుల్ఫం ఒకటి. కేవలం బాధ పెట్టే ఎనిమిది మర్మాల వర్గంలో రెండు కాళ్ల గుల్ఫాలూ ఉన్నాయి. అక్కడ దెబ్బ తగిలితే నొప్పి, పాదం బిగుసుకుపోవడం, కుంటితనం వస్తాయని చెబుతుంది. స్నాయువుల గురించి శారీరస్థానం చెప్పేది ఇంకా లోతైనది. పలకలు పేర్చి తాళ్లతో గట్టిగా బిగించిన పడవ నీటి మీద మనుషుల బరువు మోస్తుంది. అలాగే కీళ్లు స్నాయువుల కట్టు వల్లనే మనిషి బరువు మోస్తున్నాయి. ఎముకలు, కండరాలు, సిరలు, కీళ్లు దెబ్బతిన్నా స్నాయువు దెబ్బతిన్నంతగా మనిషి చెడిపోడని కూడా అంటుంది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు కాబట్టి ఏమీ కాలేదని రోగిని పంపేసే అలవాటుకు ఇంతకంటే పాత ఖండన ఉండకపోవచ్చు.

అదే సంహిత సూత్రస్థానం 25వ అధ్యాయంలో శస్త్రకర్మలో జరిగే ఆపదలు నాలుగని లెక్క కట్టింది: కోయవలసినదానికంటే తక్కువ కోయడం, ఎక్కువ కోయడం, అడ్డదిడ్డంగా కోయడం, కోసేవాడు తన ఒంటినే గాయపరచుకోవడం. ఈ పట్టికలో మొదట వచ్చేది తక్కువ కోయడం. హింస భయంతోనో, మెప్పు కోసమో కత్తిని అవసరానికి ముందే ఆపేసినవాడు కూడా ఆపద తెచ్చినవాడే. కోత ఎంత తగ్గితే అంత మంచిదన్న భావనకు సుశ్రుతుడి దగ్గర చోటు లేదు. కోత తగినంత ఉండాలి. తగినంత అన్నది జబ్బును బట్టి తేలుతుంది. కోసేవాడి ఇష్టం, చూసేవాడి కంటికి ఇంపు లెక్కలోకి రావు.

చీలమండ విషయంలో ఈ తీర్పు అక్షరాలా సరిపోతుంది. కొందరి మడమ ఎముక పుట్టుకతోనే లోపలికి ఒరిగి ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ బరువు బయటి లిగమెంట్ల మీద పడుతుంది. మడమను సరిచేయకుండా లిగమెంటు మాత్రమే కుడితే అది మళ్లీ సాగుతుంది. ఇలాంటివారికి మడమ ఎముకనే కోసి జరపాల్సి రావచ్చు. కొందరికి ఒంట్లో కీళ్లన్నీ వదులు, లిగమెంటులో బిగించడానికి సరైన కణజాలమే మిగలదు. వాళ్లకు మరోచోటి టెండన్ తెచ్చి కొత్త లిగమెంటు కట్టాలి. ఇలాంటి రోగికి రెండు రంధ్రాలతో సరిపెడితే మచ్చ చిన్నదవుతుంది, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ కాలు ఒరుగుతుంది, రెండో ఆపరేషన్ అవసరమవుతుంది. మొదటిసారి తగ్గించిన హింస రెండోసారి ఇబ్బడిగా వచ్చి పడుతుంది. కీహోల్ పద్ధతికి తగిన రోగి వేరు: లిగమెంటు మిగిలి ఉండాలి, కాలి నిర్మాణం తిన్నగా ఉండాలి. అలాంటివారిలో నడక, స్థిరత్వం తెరిచి చేసిన ఆపరేషన్‌కు దగ్గరగానే వస్తున్నాయని పోల్చి చూసిన పరిశీలనలు చెబుతున్నాయి. అంటే దీర్ఘకాలంలో రోగి నడకను నిర్ణయించేది ప్రధానంగా లోపలి మరమ్మతు. అది ఎంత తలుపు తెరిచి చేశారన్నది రెండో మాట.

ఎక్కువ కోయడం అన్న రెండో ఆపదకు చీలమండ చరిత్రలోనే ఉదాహరణ ఉంది, అది నైతికంగా మరింత చిక్కుది. బ్రోస్ట్రోమ్ పద్ధతి నిలదొక్కుకోకముందూ, ఆ తరవాత కొంతకాలమూ వాట్సన్-జోన్స్, 1953లో ఎవాన్స్, 1969లో క్రిస్మన్, స్నూక్ వంటివారు వేరే దారి తొక్కారు. కాలి బయటివైపున్న పెరోనియస్ బ్రెవిస్ టెండన్‌ను పూర్తిగానో సగంగానో తీసి, ఎముకల్లో సొరంగాలు తొలిచి, వాటిలోంచి పోనిచ్చి చీలమండను బిగించేవారు. కాలు ఒరగడం ఆగేది. కానీ ఆ టెండన్ ఆరోగ్యంగా ఉన్నది. పాదం లోపలికి మడతపడుతున్నప్పుడు దాన్ని బయటికి లాగి కాపాడే కండరం అదే. కాపలాదారుణ్ణి తీసి గోడగా కట్టినట్టయింది. పైగా మడమ దగ్గరి కీలు కదలిక తగ్గి పాదం బిగుసుకునేది.

జబ్బుపడిన అవయవాన్ని మొత్తం శరీరం కోసం తీసేయవచ్చని 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ తన సుమ్మా థియోలాజియేలో ఒప్పుకున్నాడు. భాగం ఉన్నది సమస్తం కోసం అన్నది అక్కడి వాదం. ఆరోగ్యంగా ఉన్న భాగాన్ని బలిపెట్టవచ్చా అన్నది మరింత కఠినమైన ప్రశ్న. 1953 అక్టోబరులో ఇటలీ యూరాలజిస్టులతో మాట్లాడుతూ పోప్ 12వ పయస్ దానికి షరతులు పెట్టాడు: ఆ భాగం ఉండటం లేదా పనిచేయడం మొత్తం శరీరానికి తీవ్రమైన హాని కావాలి, ఆ హానిని తప్పించడానికీ తగ్గించడానికీ వేరే మార్గం ఉండకూడదు, పోగొట్టుకునేదాన్ని వచ్చే మేలు పూడ్చాలి. పాత టెండన్ పద్ధతులు మొదటి షరతు దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే ఆ టెండన్ వల్ల ఏ హానీ లేదు. లిగమెంటును దాని చోటనే కుట్టవచ్చని తేలాక రెండో షరతు కూడా నిలవదు. 19వ శతాబ్దపు ఉస్మానియా సామ్రాజ్య న్యాయసంహిత మెజెల్లె ఇస్లామిక్ న్యాయశాస్త్రం నుంచి తీసుకున్న సూత్రాల్లో ఇదే విషయాన్ని రెండు ముక్కల్లో చెప్పింది: ఒక హానిని దానంతటి మరో హానితో తొలగించకూడదు, పెద్ద హానిని చిన్నదానితో తొలగించవచ్చు. వేరువేరు మతాల నుంచి వచ్చిన ఈ నియమాలు ఒకే చోట కలుసుకోవడం కాకతాళీయం కాదు. గాయపరిచి బాగుచేసే వృత్తి ఉన్న ప్రతి సమాజమూ ఈ లెక్కను ఎప్పుడో ఒకప్పుడు వేసుకోక తప్పలేదు.

ఇప్పటికీ కొత్త లిగమెంటు కట్టాల్సినప్పుడు మోకాలి లోపలివైపు నుంచి గ్రాసిలిస్ టెండన్ తీసి వాడతారు. అది కూడా ఆరోగ్యంగా ఉన్నదే. దాని పనిని పక్కనున్న కండరాలు చాలావరకు పంచుకోగలవు, చీలమండను కాపాడేది అది కాదు. పాత పద్ధతికీ దీనికీ నైతికమైన తేడా అక్కడుంది. కోత పరిమాణంలో చూస్తే పెద్ద తేడా కనిపించకపోవచ్చు.

కోయడంలోని హింసను ఇంత తరచి చూసినప్పుడు కోయకపోవడాన్ని కూడా అదే కంటితో చూడాలి. హిపోక్రటీస్ ప్రమాణం కత్తి పట్టనని, ఆ పని చేసేవారికి వదిలేస్తానని చెప్పిస్తుంది. హాని చేయవద్దన్న ప్రసిద్ధ మాట మాత్రం ఆ ప్రమాణంలో లేదు. అదే సంప్రదాయానికి చెందిన ఎపిడెమిక్స్ మొదటి పుస్తకంలో దానికి దగ్గరి మాట ఉంది, అక్కడ సాయపడటం ముందు వస్తుంది, హాని చేయకపోవడం తరవాత. ఆ వరస ముఖ్యమైనది. పదేపదే ఒరిగే చీలమండలో టాలస్ మీది మృదులాస్థి మెల్లగా అరుగుతుంది, కొందరిలో ఏళ్ల తరవాత కీలు మొత్తం ఆర్థరైటిస్‌తో పాడవుతుంది. పాదం ఎప్పుడు ఒరుగుతుందో తెలియక మనిషి నడకను కుదించుకుంటాడు. చీకట్లో బయటికి వెళ్లడు, బరువులెత్తడు, ఆట మానేస్తాడు. కత్తి పట్టకుండా ఉన్నవాడి చేతికి నెత్తురు అంటదు గానీ ఈ నష్టంలో అతనికి భాగం లేదనడం కుదరదు.

అయితే ఈ నష్టమంతా లిగమెంటు తెగడం వల్లే వస్తుందా? 1965లో బ్రిటిష్ సర్జన్ మైకేల్ ఫ్రీమన్ ఒక ముఖ్యమైన సంగతి గమనించాడు. కాలు ఒరిగిపోతోందని చెప్పే రోగుల్లో కొందరి కీలు పరీక్షకు గట్టిగానే ఉంది. లిగమెంటులోనూ కీలు పొరలోనూ ఉండే నరాల కొసలు బెణుకుతో దెబ్బతిని, పాదం ఎక్కడ ఎలా ఉందో మెదడుకు తెలియజేసే వార్త తప్పుతోందని అతను ప్రతిపాదించాడు. ఊగే పలక మీద నిలబెట్టి చేయించే సమతుల్య వ్యాయామాలు ఆ ఆలోచన నుంచే వచ్చాయి, నేటికీ చికిత్సలో మొదటి మెట్టు అవే. అంటే అస్థిరత రెండు చోట్ల ఉండవచ్చు: కీలులో, కీలును గురించిన ఎరుకలో. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. కత్తికి అందేది మొదటిది మాత్రమే.

దీనివల్ల హింస లెక్క మారుతుంది. ఎరుక మాత్రమే లోపించిన కాలికి ఎంత చిన్న కోత పెట్టినా అది అనవసరమైన కోత, దాన్ని సమర్థించే మేలు ఏదీ రాదు. కీహోల్ పద్ధతిలోని అసలు ప్రలోభం ఇక్కడుంది. కోత పెద్దదిగా ఉన్న రోజుల్లో వైద్యుడూ రోగీ ఇద్దరూ జంకేవారు. ఆరు నెలలు వ్యాయామం చేసి చూద్దామనేవారు. ఇప్పుడు రెండు రంధ్రాలే కదా అన్న మాట ఆ ఓపికను తినేస్తుంది. ఒక్కొక్క రోగికీ గాయం చిన్నదవుతుంది, కోయించుకునేవారి సంఖ్య పెరుగుతుంది. హింసను ఒక్క శరీరంలో కొలిస్తే తగ్గినట్టు, అందరిలో కలిపి కొలిస్తే పెరిగినట్టు తేలే ప్రమాదం ఉంది. అందుకే వ్యాయామం నిజంగా చేశారా, ఎన్నాళ్లు చేశారు అన్న విచారణ పద్ధతి మారినా సడలకూడదు.

చేతికీ కంటికీ మధ్య వచ్చిన మార్పునూ గమనించాలి. సుశ్రుతుడు 101 యంత్రాలను చెప్పి, వాటిలో హస్తమే ప్రధానమన్నాడు, మిగతావన్నీ దాని అధీనంలోనే పనిచేస్తాయి కాబట్టి. ఆర్థ్రోస్కోప్‌తో కన్ను కీలు లోతుల్లోకి వెళ్తుంది. తెరిచిన కోతలో కనబడని మృదులాస్థి గాయాలు తెర మీద కనిపిస్తాయి. చేయి మాత్రం దూరమవుతుంది, కణజాలం ఎంత బిగువుందో వేలికి నేరుగా తెలియదు. ఈ లోటును పూడ్చేది అభ్యాసమే. రోగిని ముట్టుకునే ముందు గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద కోతలు అభ్యసించాలని, శాస్త్రం ఎంత చదివినా అభ్యాసం లేనివాడు కర్మకు తగడని సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయం విధించింది. కొత్త పద్ధతి నేర్చుకుంటున్న సర్జన్ మొదటి కేసులు ఎవరి కాళ్ల మీద చేస్తాడు, ఆ సంగతి వాళ్లకు చెబుతాడా అన్నది నేటి ఆస్పత్రుల్లో అంతగా చర్చకు రాని ప్రశ్న. ప్రమాదం గురించిన జైన నిర్వచనాన్ని నిజంగా పట్టించుకుంటే అది ముందుగా రావాలి.

చెప్పడం అనగానే సమ్మతి విషయం వస్తుంది. మూత్రాశయంలోని రాయిని తీసే శస్త్రకర్మ గురించి చికిత్సాస్థానంలో సుశ్రుతుడు నిక్కచ్చిగా మాట్లాడాడు: నేర్పరికి కూడా ఫలితం అనుమానమే, చేయకపోతే మరణం తథ్యం, కాబట్టి ప్రభువును అడిగి అనుమతి తీసుకుని చేయాలి. ఆ కాలానికి అనుమతి ఇచ్చేవాడు ప్రభువు. నేడు ఆ స్థానం రోగిది, అది నిస్సందేహంగా మంచి మార్పు. చీలమండ విషయంలో దీనికి అదనపు బరువు ఉంది, ఎందుకంటే ఇక్కడ చావు అన్న తూకపురాయి లేదు. ఎంత నష్టానికి ఎంత గాయం తగునో బయటినుంచి తేల్చలేం. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తరంగం చేసే కూచిపూడి నర్తకికి చీలమండ అస్థిరత జీవితాన్నే ఆపేస్తుంది. అదే లోపం ఉన్న మరొకరు మంచి బూట్లతో, పట్టీతో, కొద్దిపాటి జాగ్రత్తతో సుఖంగా బతకగలరు. ఇద్దరి స్కాన్లు ఒకేలా ఉండవచ్చు. ఒకరికి న్యాయమైన కోత మరొకరికి అన్యాయం అవుతుంది. ఆ తేడా రోగి నోటివెంట రావలసిందే, వైద్యుడు దాన్ని ఊహించుకుని నిర్ణయించకూడదు.

గాయం మూసుకున్నాక కూడా ఈ ప్రశ్న ముగియదు. మజ్ఝిమ నికాయంలోని సునక్ఖత్త సుత్తంలో విషపు బాణం తగిలినవాడి కథ ఉంది. వైద్యుడు గాయం నోటిని కోసి, శలాకతో వెతికి, బాణం ములుకు తీసి, విషం తొలగిస్తాడు. తరవాత జాగ్రత్తలు చెబుతాడు: పథ్యం తినమని, పుండును కడుగుతూ మందు రాయమని, ఎండలో గాలిలో తిరగవద్దని. ఒకడు బాణం పోయింది కదా ఇక భయమేముందని ఆ మాటలు పెడచెవిన పెడతాడు. పుండు వాచి చావో చావులాంటి బాధో తెచ్చుకుంటాడు. మరొకడు పాటించి బాగుపడతాడు. ఇంద్రియ నిగ్రహం గురించి చెప్పడానికి వాడిన ఉపమానమే అయినా, శస్త్రచికిత్స తరవాతి దశ గురించి అందులో ఉన్న గమనింపు ఏ వైద్యగ్రంథానికీ తీసిపోదు.

చీలమండ రోగికి ఆ కథ సూటిగా వర్తిస్తుంది. చర్మం మీది రంధ్రాలు రెండు వారాల్లో మానతాయి, నొప్పి దాదాపు పోతుంది. కుట్టిన లిగమెంటు గట్టిపడటానికి పట్టే కాలం వేరు, అది వారాలూ నెలల లెక్క. చర్మం మీద కోత ఎంతన్నది దానికి తెలియదు. కొంతకాలం బూటు, ఆ తరవాత బరువు మోపడం, ఆ పైన సమతుల్య వ్యాయామాలు, ఆటల్లోకి తిరిగి వెళ్లడం నెలల తరవాతే. కోత పెద్దదైతే మచ్చే రోగికి జాగ్రత్త చెప్పేది. కోత చిన్నదైనప్పుడు ఆ హెచ్చరికను మాటలతో చెప్పాల్సిన బాధ్యత వైద్యుడి మీద, ఫిజియోథెరపిస్టు మీద పడుతుంది. శస్త్రకర్మను పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మ అని మూడుగా విడదీసిన సుశ్రుతుడి పద్ధతిలో ఈ చెప్పడం కూడా కర్మలో భాగమే. చెప్పినా వినక మూడో వారంలో మైదానంలోకి దిగి లిగమెంటు తెంచుకున్న రోగి తన నష్టానికి తానే కారకుడు. చిన్న ఆపరేషనే అని ధైర్యం చెప్పి, ఎప్పుడు ఏం చేయకూడదో విడమరచి చెప్పకుండా ఇంటికి పంపిన సర్జన్ విషయంలో మాత్రం, అతని కుట్టు ఎంత చక్కగా పడినా, ఏమరుపాటు జరిగిపోయినట్టే.